కోటు జేబులో మల్బరీలు

ఆకులు రాలే కాలం మొదట్లో నేమత్ చేతిలో ఉన్న సరుకు ఇది. కోకండ్ ఊరి బజారులో హల్వా, కలకండ అమ్మే దుకాణం. ఏ హల్వా పొయ్యి మీద ఎంతసేపు ఉందో నాలుక కొసతో చెప్పగల నేర్పు. ఆదివారం వస్తే ఇంటికొచ్చే ఇద్దరు చిన్ననాటి స్నేహితులు. ఎదురు మాట్లాడినా ఎదురు అనిపించకుండా మాట్లాడే భార్య మునవ్వర్. ఇవన్నీ లాభం కిందికి వస్తాయి. నష్టం కింద రెండే: బెల్టు మీంచి పొంగిన పొట్ట, ఒంట్లో చక్కెర జబ్బు. కానీ ఆ రెండూ మిగతా అన్నిటినీ తినేసే రకం. "వసంతంలో నవ్రోజ్ పండుగ నాటికి చక్కెర దిగకపోతే ముందు కాళ్ళకే ముప్పు బాబాయ్" అని పేటలో పుట్టి పెరిగిన డాక్టరమ్మ నాజోకత్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

నేమత్ నష్టం చూసి దుకాణం మూసే మనిషి కాదు. టీలో కలకండ మానేశాడు. పొద్దున్నే వంటవాళ్ళు తెచ్చే ప్రతి పళ్ళెంలోంచీ ఓ ముక్క రుచి చూసి సరుకు దించుకోవడం తాత నాటి పద్ధతి. ఆ పని గుమాస్తాకి అప్పజెప్పాడు. మసీదు దాకా వెళ్ళాలన్నా బండెక్కే మనిషి, తెల్లారేసరికి దూదికోటు తొడుక్కుని పాత కాలువ గట్టు దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. కాలువలో నీళ్ళు గడ్డకట్టిన రోజున కూడా మానలేదు. పొట్ట కొంచెం లోపలికి పోయింది. బజారంతా మెచ్చుకుంది. తీరా శనివారం నాజోకత్ మళ్ళీ రక్తం చూసి, "దిగలేదు బాబాయ్. ఎక్కింది" అంది.

ఆ కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక ఇంటికొచ్చి మునవ్వర్ మీద దించాడు. "బయట నేను తీపి ముట్టను. అయినా ఎక్కిందంటే ఇంట్లోనే ఎవరో కలుపుతున్నారు" అన్నాడు. మునవ్వర్ చేతిలోని టీ కూజా కింద పెట్టింది. మళ్ళీ నోరు విప్పలేదు. పోయిన వారం భాగంలో మనం ఆ ఇంటిని వదిలింది అక్కడే.

తెల్లవారితే ఆదివారం. ఈ వారం పలావ్ వంతు నేమత్ ఇంటిది.

వారానికి ఒకరింట్లో చేరి, పలావ్ వండుకుని, పొద్దువాలే దాకా కబుర్లాడుకోవడం బడి రోజుల నాటి ఏర్పాటు. ఒకప్పుడు ఒక పళ్ళెం చాలక రెండు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఒక పళ్ళెం చుట్టూ ముగ్గురే మిగిలారు: నేమత్, కసాయి హోల్మత్, బడిలో లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్న సాబిర్ మాస్టారు. ఎవరింట్లో వండినా గరిటె మాత్రం హోల్మత్‌దే. మాంసమూ అతని కొట్టు నుంచే, దాంతోపాటు వచ్చే గొర్రె తోక కొవ్వూ అతని కొట్టు నుంచే.

ముంగిట్లో జల్దారు పండ్ల చెట్టు కట్టెల పొయ్యి మీద బాణలి పొగలు కక్కుతోంది. హోల్మత్ కొవ్వు ముక్కలు నూనెలోకి జారవిడిచి, ఆ చిటపటకి కళ్ళు మూసుకుని తలాడించాడు.

"ఎందుకురా అంత దూరంగా నిలబడ్డావ్? వాసన పీల్చినా చక్కెర ఎక్కుతుందని చెప్పిందా ఆ పిల్ల?"

"ఈసారి కొవ్వు తగ్గించమన్నానా లేదా?" అన్నాడు నేమత్.

"తగ్గించానుగా. పోయినసారి కంటే ఒక ముక్క తక్కువ."

"వాడి లెక్కలు నా దగ్గర నేర్చుకున్నవి కావు" అన్నాడు సాబిర్, ఎండకి గోడవార కూర్చుని.

మునవ్వర్ తరిగిన క్యారెట్ల పళ్ళెం తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. మొగుడి వైపు చూడలేదు.

"ఏం వదినా, పలావ్ పూట ఆ మొహం ఏమిటి?" అన్నాడు హోల్మత్.

"మీ స్నేహితుణ్ణి అడగండి అన్నయ్యా. క్యారెట్లలో చక్కెర కలిపానేమో ఒకసారి చూసుకోమనండి" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

హోల్మత్ గరిటె గాల్లో ఆపి నేమత్‌ని చూశాడు. నేమత్ పొయ్యిలో కట్టె సర్దుతున్నట్టు వంగాడు. కట్టె సరిగ్గానే ఉంది.

పలావ్ దిగింది. లోపల గదిలో బొంతల మీద ముగ్గురూ పళ్ళెం చుట్టూ చేరారు. ఆ గది గోడకి కొట్టిన మేకులకి మూడు దూదికోట్లు వేలాడుతున్నాయి. సాబిర్ ఉద్యోగం మానేసిన ఏడు ముగ్గురూ ఒకే తాను గుడ్డ తీసుకుని ఒకే దర్జీ చేత కుట్టించుకున్నవి. కోట్లను చూస్తే ముగ్గురూ ఇంకా బడి పిల్లలే.

నేమత్ ముల్లంగి ముక్కలు నములుతూ, పళ్ళెంలో తన వైపు అంచున ఉన్న అన్నం నాలుగు మెతుకులు కెలుకుతున్నాడు. హోల్మత్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి, పళ్ళెం నడిమి నుంచి అన్నం తీసి, దానిమీద మాంసం ముక్కా వేలెడు కొవ్వూ పెట్టి, వేళ్ళతో నొక్కి నొక్కి ముద్ద చేశాడు. బొటనవేలు ముద్ద వెనక పెట్టి చెయ్యి ముందుకు చాపాడు.

"నోరు తెరు."

ఇక్కడ పలావ్ వండినవాడు చేత్తో తినిపిస్తే అది తిండి కింద లెక్క కాదు, మనిషిని దగ్గరికి తీసుకోవడం. కడుపు నిండి గొంతు దాకా ఉన్నవాడు కూడా ఆ ముద్దకి చోటు చేస్తాడు. నేమత్ ఇన్నేళ్ళలో ఆ చేతికి కాదన్నది లేదు.

ఇవాళ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చెయ్యి అక్కడే ఆగింది. కొవ్వు కరిగి మణికట్టు మీదికి కారుతోంది. హోల్మత్ తుడుచుకోలేదు.

"మీ నాన్నని మట్టిలో పెట్టి వచ్చిన రోజున మూడు పూటలు పస్తున్నావు. నాలుగో పూట ఈ చేత్తోనే తిన్నావు. నీ కూతుర్ని అత్తారింటికి పంపి ఏడుస్తూ కూచుంటే అప్పుడూ ఈ చెయ్యే. ఇవాళ ఈ చేతికి ఏమొచ్చిందిరా?"

"చేతికి కాదురా. అందులో ఉన్న కొవ్వుకి."

"కొవ్వు నాకుందనా?"

"హోల్మత్, వాడు అన్నది అది కాదు..." అని సాబిర్ మొదలుపెట్టాడు.

"నువ్వుండు మాస్టారూ! నలుగురికీ పెట్టి బతికిన చెయ్యి ఇది. వీడి మూతి ముందు బిచ్చగాడి చెయ్యిలా నిలబడింది." ముద్దని పళ్ళెంలోకి విసిరేసి లేచాడు. "కాళ్ళు జాగ్రత్తగా దాచుకోరా నేమత్. నడిచి వెళ్ళడానికి ఒక్క ఇల్లూ మిగలకపోయినా, కాళ్ళయితే మిగులుతాయి."

కాళ్ళు నిలబెట్టుకోవాలంటే ఇది ఖర్చని నేమత్‌కి తెలుసు. ఇంత ఖర్చని తెలియదు.

హోల్మత్ కోపంలో మేకు మీంచి కోటు విసురుగా లాగాడు. లాగింది తన కోటు కాదు. జేబు తలకిందులై అందులోంచి జలజలమని ఏవో రాలాయి. బొంతల మీద, పళ్ళెం చుట్టూ, సాబిర్ ఒళ్ళో కూడా. ఎండిన తెల్ల మల్బరీ పండ్లు. ఇంకా రాలుతూనే ఉన్నాయి.

"ఇది ఎవరి కోటు?" అన్నాడు హోల్మత్.

"నాదే" అన్నాడు నేమత్.

"ఇవేంటి?"

"కనపడటంలే? మల్బరీలు. నడిచేటప్పుడు నోట్లో వేసుకుంటా."

సాబిర్ ఒళ్ళోంచి ఒకటి తీసి కొరికి చూశాడు. ముందు గొంతులో గురక లాంటిదేదో వచ్చింది. తర్వాత అది నవ్వయింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నంత నవ్వు.

"ఓరి హల్వా వ్యాపారీ! జన్మంతా తీపి అమ్మినవాడివి, నీ నాలిక్కి ఇది తీపి అని తెలియలేదా?"

"తీపే. కానీ చక్కెర కాదుగా!" నేమత్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. చెట్టుది. దేవుడు చేసింది. ఇది తిని ఎవడైనా జబ్బుపడ్డాడా? మా అమ్మ మమ్మల్ని దీంతోనే పెంచింది."

అతను అలా చెప్పుకుపోయాడు. చెప్పనక్కర్లేదు, ఆ ఇద్దరికీ తెలిసిన కథే. అయినా ఆ పండ్లని ఏరుతూ చెప్పాడు. బజారులో చక్కెర కనపడని ఏళ్ళు అవి. కాలువ గట్టు మీది మల్బరీ చెట్ల కింద అమ్మ దుప్పటి పరిచేది. నేమత్ చెట్టెక్కి కొమ్మ ఊపితే పండ్లు వానలా పడేవి. మిద్దె మీద ఆరబోసిన పండ్ల మీద కందిరీగలు ముసిరితే వాటిని తోలడం చెల్లెలి పని. చలికాలం టీలోకి అవే. రొట్టె లేని పూట రొట్టె కూడా అవే. ఎండినవాటిని రోట్లో దంచి పొడి చేసి, చిటికెడు నాలుక మీద వేసి, "నోరు మూసుకో, పారిపోతుంది" అనేది అమ్మ. బడికి వెళ్ళేటప్పుడు జేబులో ఓ గుప్పెడు పోసి జేబు మీద తట్టేది. ఆ తట్టడంతోనే బడి దాకా పరుగు.

"మొదటి రోజు నడకకి వెళ్ళినప్పుడు కాలువ మలుపు దాకా వెళ్ళేసరికే ఆయాసమొచ్చింది. వెనక్కి తిరిగేవాణ్ణే. అక్కడ బువ్‌సారా అవ్వ బుట్ట పెట్టుకు కూచుంది. గుప్పెడు కొని జేబులో వేసుకుని ఒకటి నోట్లో పెట్టుకున్నా. అంతే. కాళ్ళు వాటంతటవే నడిచాయిరా. మర్నాడు లేవమని ఎవరూ చెప్పలేదు. నేనే లేచా."

సాబిర్ నవ్వు ఆగిపోయింది. అతనికీ అదే జబ్బు ఎప్పట్నుంచో ఉంది. జేబులోంచి రక్తం చూసే చిన్న యంత్రం తీశాడు.

"వేలు ఇటివ్వు. పొద్దున్నుంచి ఏం తిన్నావ్?"

"ఉత్త టీ. ఇదిగో, ఈ ముల్లంగి. నాలుగు మెతుకులు."

"నడకలో?"

నేమత్ పళ్ళెం వైపు చూశాడు. "ఇవే. గుప్పెడు. మలుపు దగ్గర ఇంకో గుప్పెడేమో."

సూది గుచ్చాడు. ముగ్గురు ముసలాళ్ళూ తలలు దగ్గరపెట్టి ఆ చిన్న గాజుపలక మీదికి వంగారు. అంకె వచ్చింది. సాబిర్ దాన్ని పైకి చదవలేదు. యంత్రాన్ని నేమత్ చేతిలో పెట్టి చూసుకోమన్నాడు. నేమత్ చూశాడు. నాజోకత్ నిన్న చెప్పినదానికంటే ఎక్కువ.

"చెట్టుకి తెలీదురా నేమత్, ఫ్యాక్టరీలో చేసేది చక్కెర, తను చేసేది కాదు అని" అన్నాడు సాబిర్ మెల్లగా. "ఎండబెడితే నీళ్ళు పోతాయి. మిగిలేదంతా అదే."

వేరొకరి కోటు భుజాన వేసుకుని నిలబడ్డ హోల్మత్ బొంత మీద కూలబడ్డాడు. గొంతులో కోపం ఉంది గానీ ఇందాకటి కోపం కాదు.

"అంటే నా చెయ్యి తోసేసి, నీ జేబులోంచి నీ చేత్తో నువ్వే తినిపించుకుంటున్నావన్నమాట. రోజూ. వదిన మీద నేరం మోపి మరీ."

నేమత్ రాలిన పండ్లన్నీ ఏరి కుప్పగా పెట్టాడు. చాలాసేపు ఆ కుప్పని చూశాడు. వ్యాపారంలో ఇలాంటిది ఒకసారి చూశాడు. సరుకు బాగా పోతోందని మురిసిపోతుంటే, పోతున్నది సరుకు కాదు, దుకాణం.

"ఇవి మానెయ్యడం పెద్ద పని కాదు. కలకండ మానలేదూ?" అన్నాడు. "కానీ ఇవి లేకపోతే నేను నడవనురా. నిజం చెప్తున్నా. ఆ గట్టు మీద నేను వెళ్ళేది కాళ్ళ కోసం కాదు. చెట్లు కూడా లేవక్కడ, నరికేశారు. అయినా నోట్లో ఇది ఉంటే అన్నీ ఉన్నట్టుంటుంది. ఉత్త నోటితో ఆ చలిలో దేనికి లేవాలి?"

హోల్మత్ భుజం మీది కోటు తీసి నేమత్ ఒళ్ళో పెట్టాడు.

"నేనొస్తా."

"ఎక్కడికి?"

"గట్టుకి. పొద్దున్నే. ఆ చెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది నేను, నువ్వు కాదు. నాకూ ఉంది ఆ గట్టు మీద భాగం. దారంతా నిన్ను తిడుతూ వస్తా. నా తిట్లలో చక్కెర ఉండదు."

"నీ బొజ్జతో నువ్వు మలుపు దాకా వస్తావా?"

"రాకపోతే నువ్వు మోసుకురా. నీకు ఇంకా మంచి వ్యాయామం."

సాబిర్ మళ్ళీ నవ్వాడు. "మీరిద్దరూ వెళ్తే నేనింట్లో కూచుని ఏం చెయ్యను? నేనూ వస్తా. చలి తగ్గాక."

హోల్మత్ లేచి వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చాడు. పళ్ళెం అంచు నుంచి శనగలూ క్యారెట్లూ ఎక్కువగా, అన్నం తక్కువగా తీసి, కొవ్వు అంటని మాంసం ముక్క ఒకటి వెతికి పెట్టి ముద్ద చేశాడు. నేమత్ కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పి చూపించాడు, బజారులో సరుకు చూపించినట్టు.

"చూసుకో. తర్వాత నా మీద కేసు పెట్టకు."

నేమత్ నోరు తెరిచాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. హోల్మత్ అటు తిరిగి టీ పోసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

స్నేహితులు వెళ్ళేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. నేమత్ మల్బరీలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. మునవ్వర్ బాణలికి బూడిద పట్టిస్తోంది. మూటని ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు కలపలేదు. నేనే తిన్నాను."

"విన్నాను. హోల్మత్ అన్నయ్య గొంతు వీధి చివరి రొట్టెల కొట్టు దాకా వినపడి ఉంటుంది."

"తప్పు నాది, మునవ్వర్."

ఆమె చేతులు కడుక్కుని మూట విప్పి చూసింది. ఒక పండు తీసి అరచేతిలో దొర్లించింది. "అత్తయ్య ఎండబెట్టే రకమే. గట్టు మీది తెల్లవి."

"అందుకే తిన్నా. అమ్మ చివరిదాకా ఇవే తినేది. అంత వయసొచ్చినా నిక్షేపంలా బతికింది కదా అనుకున్నా."

మునవ్వర్ మూట మళ్ళీ కట్టింది. ముడి వేసి, ఆ ముడి చాలక మరో ముడి వేసింది.

"నిక్షేపంలా ఏమీ బతకలేదు" అంది.

నేమత్ తలెత్తాడు.

"మీరు ఎండు పండ్ల సరుకేసుకుని ఎక్కడో దూరాన నోవోసిబిర్స్క్ వెళ్ళి వసంతం దాకా రాని చలికాలం గుర్తుందా? అప్పుడు ఆవిడకి అరికాళ్ళు మంటలు. రాత్రిళ్ళు లేచి కాళ్ళ మీద చన్నీళ్ళు పోసేదాన్ని. దాహం. కూజాలు కూజాలు తాగేది. మీకు చెబుతానంటే ఒట్టు పెట్టించుకుంది. సరుకు దారిలో వదిలేసి వస్తాడు, వద్దంది. ఆ మంటలు ఒకనాటికి వాటంతటవే పోయాయి. ఎంత సంతోషించామో! రొట్టెలు కాల్చి ఇరుగుపొరుగుకి పంచాను. ఆ వారమే, బల్ల కింద కుంపట్లో నిప్పులు పోసి అందరం బల్ల మీంచి కప్పిన దుప్పట్లో కాళ్ళు పెట్టుకు కూచున్నాం. ఏదో కాలుతున్న వాసన. నేను దుప్పటి అంచనుకుని ఎత్తి చూశాను. దుప్పటి కాదు. ఆవిడ మడమ. నిప్పు మీద ఆనించి, నాతో నవ్వుతూ మాట్లాడుతోంది."

బయట ముంగిట్లో పొయ్యి ఇంకా పొగుస్తోంది. నేమత్‌కి ఉన్నట్టుండి ఆ వాసన పడలేదు. ఇన్నేళ్ళూ అతని దగ్గరున్న అమ్మ వేరు. మిద్దె మీద పండ్లు ఆరబోసే అమ్మ, జేబు తట్టే అమ్మ. ఆ అమ్మ మడమ చూసిన కళ్ళు తనవి కావు. కోడలివి.

"ఆ పుండు మానలేదు" అంది మునవ్వర్. "మీరొచ్చేసరికి ఆవిడ లేదు. వయసైపోయి పోయిందని చెప్పాం. ఒట్టు కదా." మూట పక్కకి పెట్టి, "మీరు కూడా మొన్నమొన్నటి దాకా అరికాళ్ళు మండుతున్నాయని కాళ్ళు దుప్పటి బయట పెట్టేవారు. ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది.

"అదా? ఈ మధ్య హాయిగా నిద్ర..." అని మొదలెట్టి నేమత్ ఆగిపోయాడు.

మునవ్వర్ పీట జరిపి అతన్ని కూర్చోబెట్టింది. ఎదురుగా నేల మీద కూర్చుని, ఎడమ కాలి తోలు మేజోడు లాగి పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. నేమత్ ఆమె మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పొగ సన్నబడింది. గోడ మీద ఎండ ఇంకొంచెం పైకి పోయింది.

"ఊఁ, చూడు మరి" అన్నాడు చివరికి. "ఇంకా ముట్టుకోలేదేం?"

కిందికి చూశాడు.

ఆ ఆదివారం నేమత్‌కి దక్కినవి ఇవి: తెల్లారితే తిడుతూ తోడొచ్చే స్నేహితుడొకడు, మళ్ళీ మాట కలిపిన భార్య, తనకి తెలియని అమ్మ. అవన్నీ ఒక పక్క. రెండో పక్కన, అరికాలి నడుమ గోరు దిగేలా నొక్కి పెట్టి ఉన్న మునవ్వర్ బొటనవేలు.